ముప్ఫై ఏడు డిగ్రీలు

"నేను తెలుసుకోవాల్సింది ఇంకేమన్నా ఉందా?" అని అడిగాడు విమానం కొనడానికి వచ్చినాయన.

"లేదు," అన్నాను.

ఆయన తలూపి, చేతులు తుడుచుకుని, శనివారం చెక్కుతో వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ "లేదు" గురించే ఈ వ్యాసం.

ముందు విమానం సంగతి చెప్పాలి. డాలస్ శివార్లలో ఉన్న మా ఇంటి గ్యారేజీలో ఆరేళ్ళపాటు కారు లేదు, విమానం ఉంది. రెండు సీట్లది, అల్యూమినియం రేకులతో చేసేది. కిట్టుగా పెట్టెల్లో వస్తుంది. రేకులు సాపు చేసుకుని, రివెట్లు కొట్టుకుని, వైర్లు లాక్కుని మనమే కట్టుకోవాలి. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు "వీడికి పిచ్చి" అన్నట్టు చూస్తారు, ఆ తరవాత "నిజంగా ఎగురుతుందా?" అని అడుగుతారు. ఎగురుతుంది. అమెరికాలో ఇది చట్టం ఒప్పుకున్న వ్యవహారమే. సగానికి పైగా పని ఔత్సాహికులు తమ చేతుల్తో, నేర్చుకోవడానికో సరదాకో చేశారని చూపిస్తే 'ఎక్స్‌పెరిమెంటల్' కింద అనుమతి ఇస్తారు. ఇలా కట్టుకునేవాళ్ళ సంఘం ఒకటి 1953 నుంచీ ఉంది. ప్రతి వేసవిలో విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్ అనే ఊళ్ళో వాళ్ళ జాతర జరుగుతుంది. ఆరిగాన్‌లోని వాన్స్ అనే ఒక్క కంపెనీ కిట్లతో కట్టినవే పదివేలకి పైగా గాల్లోకి లేచాయి.

నాది లేవలేదు. విజయనగరంలో నాన్న ఒక్కడే ఉంటున్నాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని తిరిగొచ్చేద్దామని నిర్ణయించుకున్నాక విమానం అమ్మకానికి పెట్టాను. ఒళ్ళు పూర్తయింది, ఇంజను బిగించాను, రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. వచ్చినాయన రిటైరైన సైన్సు టీచరు. రివెట్ల వరసల మీద వేలితో రాస్తూ తోక దాకా నడిచి, "చక్కగా చేశావు" అన్నాడు. ఎడమ సీటు తనకీ, కుడి సీటు వాళ్ళావిడకీ అన్నాడు. అప్పుడే ఆ ప్రశ్న అడిగాడు.

*

ఇలాంటి విమానంలో పెట్రోలు రెక్కల్లోని ట్యాంకుల్లో ఉంటుంది. అక్కణ్ణుంచి చిటికెన వేలంత లావు గొట్టాల్లో సీట్ల మధ్యనున్న సెలెక్టర్ దగ్గరికి వస్తుంది. కుడి ట్యాంకా, ఎడమ ట్యాంకా అని పైలట్ తిప్పుకునే కుళాయి అది. దాన్ని దాటితే వడపోత, పంపు, మంటని ఆపే ఉక్కు గోడ, ఆ గోడ అవతల ఇంజను. దారి పొడుగునా గొట్టం ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక ఫిటింగ్.

ఆ ఫిటింగుల్ని ఏఎన్ ఫిటింగులంటారు. ఆర్మీ, నేవీ అన్న మాటల మొదటి అక్షరాలు. ఎవరు చేసినా, ఎక్కడ కొన్నా ఒకదానికొకటి సరిపోవాలని అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి పెట్టుకున్న కొలతలు. అల్యూమినియంవి నీలంగా నగల్లా మెరుస్తాయి, ఉక్కువి నల్లగా ఉంటాయి. సైజుని అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతారు. ఆరో నంబరంటే ఆరు పదహారో వంతులు, అంటే 3/8 అంగుళం గొట్టానికి పట్టేది.

గొట్టాన్ని దీనికి కలపడానికి వాషరు లేదు, జిగురు లేదు. గొట్టం చివరని సన్నాయి మూతిలా విప్పుతారు. దాన్ని ఫ్లేర్ అంటారు. ఫిటింగుకి శంకువులాంటి ముక్కు ఉంటుంది. ఆ ముక్కు మీద ఈ మూతి కూర్చుంటే వెనకనుంచి నట్టు బిగించేస్తారు. లోహం మీద లోహం, అంతే. అది నిలవాలంటే రెండింటి వాలూ ఒకటే కావాలి. విమానాల్లో ఆ వాలు 37 డిగ్రీలు. కార్లలో 45.

ఎనిమిది డిగ్రీల తేడా కంటికి ఆనదు. ఈ ఫిటింగుల లోకమంతా ఇలాంటి కంటికి ఆనని తేడాలే. ఒకసారి సెలవులకి హైదరాబాదు వచ్చినప్పుడు, అమెరికాలో ఒక్కో ముక్కకి పెడుతున్న డబ్బు గుర్తొచ్చి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక హైడ్రాలిక్ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నా నమూనా చేతిలో తిప్పి చూసి మూడు నాలుగు రకాలు బల్ల మీద పోశాడు. ఒకటి నా దానికి కవల పిల్లలా ఉంది, వాలు కూడా 37 డిగ్రీలే. పొక్లెయిన్లకి వాడేదట. ఏ లోహంతో చేశారో, మర ఎంత సన్నగా కోశారో చూసి చెప్పలేం. ఇంకొకటి పావు అంగుళం మర. అమెరికా మరకి అంగుళానికి 18 చుట్లు, మన దగ్గర నడిచే బ్రిటిష్ మరకి 19. రెండు చుట్లు హాయిగా ఎక్కింది, తరవాత పట్టేసింది. ఇంకాస్త బలం పెడితే ఎక్కేసేది కూడా. ప్రమాదం అక్కడే ఉంది. అసలు సరిపోనిది ఎవర్నీ మోసం చెయ్యదు, దాదాపు సరిపోయేదే చేస్తుంది.

"ఏ బండికి సార్?" అని అడిగాడు కొట్టాయన.

విమానానికి అంటే నవ్వుతాడని, "జనరేటర్‌కి" అన్నాను.

"జనరేటర్‌కైతే ఇది చాలు," అన్నాడు.

ఆ సామాన్లు కొన్నాను గానీ వాడలేదు. కానీ ఆ "చాలు" నాతో వచ్చేసింది. మనం చాలు అన్నప్పుడల్లా దాని వెనక 'దేనికి' అన్న ప్రశ్న ఒకటి, 'ఎవరికి' అన్న ప్రశ్న ఒకటి ఉంటాయి. ఆయన మొదటిది అడిగాడు, నేను అబద్ధం చెప్పాను. రెండోది అడగాల్సినవాణ్ణి నేనే.

*

ఇక నా తప్పు. మొదట్లో చేసిన గొట్టాలన్నీ కార్లవాళ్ళ ఫ్లేరింగ్ పనిముట్టుతో చేశాను. పక్కింటాయన దగ్గరుంది, అడిగితే ఇచ్చాడు. 37 అన్న అంకె పుస్తకంలో చదివాను, చేతిలో ఉన్న పనిముట్టు మీద ఏ అంకె ఉందో చూడలేదు. రెండు నెలల తరవాత చూశాను.

45 డిగ్రీల మూతిని 37 డిగ్రీల ముక్కు మీద పెడితే చుట్టూ పరుచుకుని ఆనదు, మెడ దగ్గర సన్నటి గీతలా ఆనుతుంది. మెత్తటి అల్యూమినియం కాబట్టి నట్టు బిగించేకొద్దీ వంగి సర్దుకుంటుంది. కారదు కూడా. కానీ బలవంతంగా సర్దుకున్న చోట లోహం బిర్రబిగుసుకుని ఉంటుంది. దానికి ఇంజను అదురు తోడైతే చిట్లడం అక్కడే మొదలవచ్చు.

సిగ్గుపడి, సరైన పనిముట్టు కొని, గొట్టాలన్నీ మళ్ళీ చేశాను. ఒక్కటి తప్ప. ఎడమ ట్యాంకు నుంచి సెలెక్టర్‌కి వచ్చేది. అప్పటికే దాని మీద సీటు కింది రేకు రివెట్లతో మూసేశాను. విప్పాలంటే ఆ రివెట్లన్నీ తొలిచి తియ్యాలి. బదులుగా ఒక పరీక్ష పెట్టుకున్నాను. గొట్టంలోకి గాలి ఎక్కించి, చేతికందిన అతుకులకి సబ్బునురుగు రాసి, మీటరు తగిలించి పడుకున్నాను. తెల్లారేసరికి ముల్లు కదల్లేదు. చాలు అనుకున్నాను.

చాలదని నాకు తెలుసు. ఆ పరీక్ష ఒక రాత్రి, కదలని గ్యారేజీలో, అదురు లేకుండా జరిగింది. పైగా ఆ గొట్టం పంపుకి ముందుంది, అంటే పంపు పీల్చే వైపు. తోసే వైపు చీలితే పెట్రోలు కారుతుంది, వాసన వస్తుంది. పీల్చే వైపు సన్నగా చీలితే చుక్క కూడా కారకపోవచ్చు. గాలి లోపలికి పోతుంది, ఇంజను దగ్గుతుంది. ఆ దగ్గు నేల మీద వస్తే అదృష్టం.

ఆరేళ్ళూ నన్ను నేను ఒక వాదంతో సముదాయించుకున్నాను. నా విమానం, నా ప్రాణం. ఇందులో మొదట ఎక్కేది నేనే. చట్టం కూడా అదే అంటోంది కదా. కొత్తగా కట్టిన ఇలాంటి విమానాన్ని మొదటి 25 గంటలో 40 గంటలో జనం తక్కువున్న చోట పరీక్షించాలి, ఆ గంటల్లో సరదాకి పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోకూడదు. ఆ గండం గడిచాక కూడా, ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాల భద్రతా నిబంధనలు దీనికి వర్తించవు అని లోపల కనబడేట్టు రాసి పెట్టాలి. చదువుకుని ఎక్కేవాడు ఎక్కుతాడు. నీ ప్రాణంతో నువ్వు చెలగాటమాడుకో, ఇంకొకడికి మాత్రం ముందే చెప్పు. ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు.

దీని వెనక పాత ఆలోచన ఒకటుంది. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో వేసిన 'ఆన్ లిబర్టీ'లో ఒక వంతెన ఉదాహరణ ఇస్తాడు. బాగా లేదని తేలిన వంతెన మీదికి ఒకడు వెళ్తున్నాడు. హెచ్చరించడానికి టైము లేకపోతే పట్టుకుని ఆపొచ్చు, తప్పులేదు. కానీ వంతెన కూలడం ఖాయం కాక, కూలే ప్రమాదం మాత్రమే ఉన్నప్పుడు, పెద్దవాడు, మతి స్థిమితంగా ఉన్నవాడు అయితే, హెచ్చరించి వదిలెయ్యాలి. వెళ్ళాలో వద్దో తేల్చుకోవాల్సింది అతనే. విషం సీసా మీద విషం అని రాయించడం కూడా న్యాయమే అంటాడు. ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ళ స్వేచ్ఛంతా ఈ రెండు ఉదాహరణల మీద నిలబడి ఉంది. నేను కూడా వాటి మీదే నిలబడ్డాను. ఆ సైన్సు టీచరుకి "లేదు" అని చెప్పిన రాత్రి దాకా నాకు తట్టని విషయం ఒకటుంది. ఆ కథలో దాటేవాడున్నాడు, చూసేవాడున్నాడు. వంతెన కట్టినవాడు లేడు. నేను ఇద్దరిలో ఎవర్నీ కాను, ఆ మూడోవాణ్ణి.

*

ఆ మూడోవాడి గురించి ఆలోచిస్తే నాకు గుర్తొచ్చేది జాన్ డెన్వర్ చావు. 'కంట్రీ రోడ్స్' పాడినాయనే. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ దగ్గర ఆయన నడుపుతున్న చిన్న విమానం సముద్రంలో పడిపోయింది. ఆయనకి 53 ఏళ్ళు. విమానం పేరు లాంగ్-ఈజీ. బర్ట్ రూటాన్ డిజైను చేసింది, ఇంట్లో కట్టుకునేది. డెన్వర్ కట్టలేదు, ఇంకెవరో కట్టింది కొనుక్కున్నాడు.

అందులో కూడా ఒక సెలెక్టర్ ఉంది. డిజైను ప్రకారం అది పైలట్ కాళ్ళ మధ్య, ఎదురుగా ఉండాలి. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకి మార్చాడు. ఎందుకంటే పెట్రోలు గొట్టాలు మనుషులు కూర్చునే చోటికి రావడం ఆయనకి ఇష్టం లేదు. అంటే భద్రత కోసమే! కానీ ఆ పిడిని తిప్పాలంటే కుడిచేత్తో పట్టుకున్న కంట్రోలు వదిలేసి, ఒళ్ళంతా వెనక్కి తిప్పి, ఆ చేతిని ఎడమ భుజం మీదుగా చాపాలి. అలా తిరుగుతున్నప్పుడు కుడికాలు తెలీకుండానే రడ్డరు పెడల్‌ని తొక్కే అవకాశముంది. పిడి ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు కూడా రాసి లేవు. ఆ పిడి సరిగా అందట్లేదని డెన్వర్‌కి తెలుసు. బయల్దేరే ముందు దాని గురించి అక్కడి మెకానిక్‌తో మాట్లాడాడు కూడా.

దర్యాప్తు చేసిన సంస్థ ప్రధాన కారణాలు పైలట్ వైపే చూపించింది. పిడి తిప్పే ప్రయత్నంలో ధ్యాస మళ్ళి విమానం అదుపు తప్పింది, బయల్దేరే ముందు పెట్రోలు పోయించుకోలేదు. పిడిని అందని చోట, గుర్తుల్లేకుండా పెట్టాలన్న నిర్మాణకర్త నిర్ణయాన్ని దోహదం చేసిన అంశాల్లో ఒకటిగా రాసింది. ఆ వరస న్యాయమైనదే అనుకుంటాను.

అయినా నా మనసు ఆ నిర్మాణకర్త దగ్గరే ఆగిపోతుంది. ఆయన అజాగ్రత్తపరుడు కాదు. బద్ధకస్తుడైతే డిజైనులో ఉన్నట్టే బిగించి ఊరుకునేవాడు. కష్టపడి మార్చాడు. ఆ పిడి ఎక్కడుందో, ఎటు తిప్పాలో ఆయన చేతికి తెలుసు కాబట్టి గుర్తులు అక్కర్లేదనిపించి ఉండొచ్చు. ఆయన భుజానికి అది అందేదేమో. ఆయన జాగ్రత్తంతా ఒకే మనిషి చుట్టూ, తన చుట్టూ తిరిగింది. ఆ సీట్లో ఇంకొక శరీరం, ఇంకొక పొడుగు చెయ్యి, ఏమీ తెలియని బుర్ర కూర్చుంటాయని ఊహించలేదు. "నా విమానం, నా ప్రాణం" అన్న వాదంలో లోపం ఇదే. ప్రాణం నాదే, కానీ వస్తువు నాతో ఉండిపోదు. అమ్ముడవుతుంది, చేతులు మారుతుంది, నేను మర్చిపోయిన దాన్ని గుర్తుంచుకుంటుంది.

*

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. తిరిగొచ్చిన బస్సుల్ని రాత్రి బాగుచేస్తే పొద్దున్నే ఇంకెవరో డ్రైవరు ఎక్కి తీసుకెళ్ళేవాడు. బాగుచేసినవాడు ఎవరో డ్రైవరుకి తెలీదు, నడిపేవాడు ఎవరో మెకానిక్‌కి తెలీదు. ఇద్దరి మధ్యా ఉండేది డ్రైవర్లు ఫిర్యాదులు రాసే పుస్తకం ఒక్కటే. నా చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, ఆ పుస్తకం ముందేసుకుని గొణుక్కుంటూ కనబడేవాడు. "ఎడం పక్కకి లాగుతోంది" లాంటి ముక్కలుండేవి అందులో. పని అయ్యాక దాని పక్కన ఏం చేశాడో రాసి సంతకం పెట్టేవాడు. అవ్వకపోతే అవ్వలేదని రాసేవాడు. అలా రాసినందుకు బస్సు ఆగిపోయి తిట్లు తిన్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ రాత్రి ఫోను చేసి గొట్టం సంగతి చెప్పాను. మిల్ దగ్గర్నుంచి జాన్ డెన్వర్ దాకా అన్నీ చెప్పాను. చెప్పేస్తే సరిపోతుందా, బాగుచేసి ఊరుకుంటే సరిపోతుందా అని అడిగాను. నాన్న అంతా విన్నాడు.

"ఆ గొట్టం ఎంత ఉంటుంది రా?"

"మహా అయితే పది డాలర్లు."

"పని?"

"ఒక పూట."

"ఒక పూట పనికి ఇంతసేపు ఫోనేంట్రా?" అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, "మార్చాక పుస్తకంలో రాయి," అని కూడా అన్నాడు.

నా ప్రశ్నకి జవాబు ఆ రెండో మాటలో ఉంది. చెప్పి ఊరుకుంటే నా తప్పు తీసి ఆయన నెత్తిన పెట్టినట్టు. మిల్ హెచ్చరిక దారిన పోయేవాడికి సరిపోతుంది, కట్టినవాడికి సరిపోదు. తన చేతిలో బాగుచేసే వీలున్నవాడు హెచ్చరికతో సరిపెట్టుకోవడం తప్పించుకోవడమే. సరే, చెప్పకుండా బాగుచేసి ఊరుకుంటే? గొట్టం బాగుపడుతుంది, కానీ 'ఈ పని చేసినవాడు ఒకసారి అంకె చూడకుండా పని చేశాడు' అన్న నిజం గ్యారేజీలోనే ఉండిపోతుంది. ఆయనకి అవసరమైన నిజం అదే. మిగతా అతుకుల్ని ఎంత అనుమానంగా చూడాలో చెప్పేది అదే.

మర్నాడు రివెట్లు తొలిచాను. ఒక పూట అనుకున్నది రోజంతా పట్టింది. పాత గొట్టం మూతిని టార్చి కింద పెట్టి చూస్తే పగులేమీ లేదు, మెడ దగ్గర సన్నటి మెరిసే గీత ఒకటి తప్ప. ఇంకా వందల గంటలు నిలిచేదేమో, మొదటి పదిలోనే పోయేదేమో. కొత్తది 37 డిగ్రీలకి చేసి, బిగించి, నిర్మాణం పుస్తకంలో అంతా రాశాను. పాత ముక్కకి చీటీ కట్టాను. శనివారం ఆయన వచ్చాక, చెక్కు తీసే లోపే ముక్క ఆయన చేతిలో పెట్టి, "మొన్న మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన నన్ను మెచ్చుకోలేదు. ముక్కని చాలాసేపు తిప్పి చూసి, చెక్కు జేబులో పెట్టుకుని, ఆలోచించుకుంటానని వెళ్ళిపోయాడు. రెండు వారాలు ఫోను లేదు. నిజం చెప్తే మనసు తేలికవుతుందంటారు గానీ, ఆ రెండు వారాలు నాకేమీ తేలిక కాలేదు. టిక్కెట్ల తేదీ దగ్గర పడుతోంది, ఇంకెవరూ అడగడానికి రాలేదు.

తరవాత ఒక మెకానిక్ మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా టార్చీ, అద్దం పట్టుకుని ఒక్కో అతుకూ చూశారు. ఇంజను వైపు, పెట్రోలు పంపు దగ్గర నేను ముచ్చటపడి పెట్టిన నీలం ఎల్బో దగ్గర ఆ మిత్రుడు ఆగాడు. మంట గోడకి ఇవతల, ఇంత అదురూ వేడీ ఉన్న చోట అల్యూమినియం వద్దు, ఉక్కుది పెట్టుకో అన్నాడు. నాకు అది తప్పని తెలీదు. అందంగా ఉందని మాత్రం తెలుసు. నేను దాచిన తప్పు చెప్పకపోయి ఉంటే, నాకే తెలియని ఈ తప్పుని వాళ్ళు వెతికేవాళ్ళు కాదు. రివెట్ల వరస చూసి నన్ను నమ్మేసేవాళ్ళు.

నిజాయితీ అంటే ఎదుటివాళ్ళ నమ్మకం సంపాదించుకోవడం అని అనుకునేవాణ్ణి. ఆయనకి నా మీద నమ్మకం తగ్గింది, తగ్గినందువల్లే చూపు పెరిగింది. బహుశా మన పనిని అందుకునేవాళ్ళకి మనం బాకీపడింది, మనల్ని ఎక్కడ నమ్మకూడదో చెప్పడం. ఒక పిడి పక్కన రాసిన గుర్తు చేసే పని కూడా అంతే. ఇక్కడ నీ ఊహని నమ్ముకోకు, చదువుకో అంటుంది.

ధర వెయ్యి డాలర్లు తగ్గించమన్నాడు, తగ్గించాను. ట్రైలరు ఎక్కించి తాళ్ళు కట్టాక, కిటికీలోంచి తల బయటపెట్టి మళ్ళీ అడిగాడు.

"ఇంకేమన్నా ఉందా?"

"నాకు తెలిసినంతవరకూ లేదు," అన్నాను. "మీరు కూడా చూడండి."